ఊతం ఏ పక్కన

కర్ర, కాలు. కర్ర, కాలు… మధ్యలో చిన్న మూలుగు.

వంటగదిలోంచి వింటోంది ఆమె. భర్త మెట్ల దాకా వెళ్ళాడు. ఆగాడు. నొప్పి వచ్చినట్టుంది.

ఆమె భర్త వడ్రంగి. ముప్పయ్యేళ్ళుగా కొయ్య మెట్లు కడుతున్నాడు. చెక్కను వేలితో తట్టి, లోపల చెద ఎంత తిన్నదో చెప్పేస్తాడు. అంతటి మనిషికి తన కుడి తుంటిలో ఎముక చచ్చిపోతుంటే తెలియలేదు!

రంపంపొట్టుకు ఆయాసం. ఆయాసానికి మాత్రలు. నెలకని రాసిచ్చినవాటిని, ఊపిరి ఆడుతోంది కదా అని రెండేళ్ళు మింగాడు. ఎవరినీ అడగలేదు. ఆ మాత్రల వల్లే తొడ ఎముక తలకు నెత్తురు అందలేదన్నారు.

"తొడ ఎముక గుండు ఇంకా గుండ్రంగానే ఉంది," అన్నాడు డాక్టరు, మొదటిసారి స్కాన్ చూసి. "లోపలి అల్లిక చచ్చింది, పైపెంకు నిలబడింది. అది కుంగకపోతే ఈ కీలు మీకే ఉంటుంది. కుంగిందా… మార్చాల్సిందే. ఆ తర్వాత మెట్ల పని మర్చిపోండి."

"పైన పటారం, లోన లొటారం," అని నవ్వాడు భర్త.

ఆమెకు నవ్వు రాలేదు.

వ్యాయామాలు నేర్పే అమ్మాయి చెప్పింది — "కుడి తుంటి కాబట్టి కర్ర ఎడమచేత్తో పట్టుకోవాలండీ."

"తాతకు దగ్గులు నేర్పకమ్మా. దూలం ఎటు కుంగితే గుంజ అటే పెడతాం."

"మీరైనా చెప్పండమ్మా," అంది ఆ అమ్మాయి.

ఆమె చెప్పలేదు. ఆయన కట్టిన మెట్టు ఒక్కటీ కిర్రుమనలేదు. బరువు సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఏడు నెలలు. కుడిచేతిలో కర్ర. కుడికి ఒరిగిన నడక. చెయ్యి మార్చమనే మాట రెండుసార్లు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది… నాకేం తెలుసులే అని మింగేసింది.

ఇవాళ ఆసుపత్రిలో మళ్ళీ ఎక్స్‌రే తీశారు. గుండు సొట్టపోయింది. కింద పడ్డ చెంబులా.

డాక్టరు చూపు కర్ర మీద పడింది. కాగితం వెనక బొమ్మ గీశాడు.

"కుడికాలి మీద నిలబడగానే ఒళ్ళు ఎడమకు ఒరగబోతుంది. ఒరగకుండా తుంటి బయటి కండ గుంజి పట్టుకుంటుంది. ఒంటి బరువూ, ఆ గుంజుడూ — రెండూ ఈ గుండు మీదే. ఎడమచేతిలో కర్ర ఉంటే కండకు పని తగ్గుతుంది. దూరం నుంచి ఎత్తుతుంది కదా, కాస్త బలం చాలు."

"పొడుగు గునపంతో బండ లేపినట్టు," అన్నాడు భర్త మెల్లగా.

ఆయనకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. ఒక్క క్షణం! బతుకంతా చేసిన లెక్కే అది.

"దూలం నడవదు," అన్నాడు. "మనిషి నడుస్తాడు. అది మరిచాను."

"ముందే చెయ్యి మార్చుంటే నిలిచేదా బాబూ?" ఆమె అడిగింది.

"చెప్పలేనమ్మా. అయినా కుంగేదేమో. ఎవరూ చెప్పలేరు."

అవునన్నా ఏడ్చేది. కాదన్నా ఏడ్చేది. చెప్పలేను అంటే ఏం చెయ్యాలి?

బయట ఆసుపత్రి నడవాలో ఆయన కర్ర ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. ఒక అడుగు. ఇంకో అడుగు. చటుక్కున వెనక్కి తిరిగాడు.

"ఏమే… తేలిగ్గా ఉందే!"

ముఖమంతా ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యం చూడలేకపోయింది ఆమె.

"ఆ అమ్మాయి చెప్పింది. నువ్వూ విన్నావుగా?"

"విన్నానండీ."

తిడతాడేమోనని చూసింది. తిడితే బాగుండును. ఆయన తల ఊపి ముందుకు కదిలాడు.

ఇన్నాళ్ళూ ఆయనకు ఎడమ పక్కన నడిచింది. ఇప్పుడక్కడ కర్ర ఉంది. కుడి పక్కకు వెళ్ళాలని తోచక, ఆమె నడవా మధ్యలో అలాగే నిలబడిపోయింది…