తోక ముందు పుట్టే పిల్ల

మా చెల్లెలు మొండిఘటం అని నేనంటే ఎవరూ కాదనరు, వాళ్ళాయనతో సహా. మేమిద్దరం ఒకే బొమ్మల కార్ఖానాలో పనిచేస్తాం. అచ్చు తీయడానికి మొదటి బొమ్మ చేసేది అది. అచ్చులోంచి వచ్చిన వాటికి కళ్ళు దిద్దేది నేను. ఒక్క తల్లి కడుపున పుట్టామంటే కొత్తగా చేరినవాళ్ళు నమ్మరు. నాకు కోపమొస్తే నాలుగు మాటలనేసి మర్చిపోతాను. దానికి కోపం రాదు, మంకుపట్టు పడుతుంది.

మావి పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. అద్దాల బీరువాలో దాచుకుని, ఎవరైనా ముట్టుకుంటే ఒంటికాలి మీద లేచే పెద్దవాళ్ళు కొనుక్కునేవి. డైనోసార్ల కాలంలో సముద్రంలో తిరిగిన ఇక్తియోసార్ బొమ్మ ఒకటి చెయ్యమని యజమాని చెల్లికి చెప్పాడు. ఆ జంతువు చూడ్డానికి చేపలా ఉంటుంది, జాతిలో బల్లికి చుట్టం, ఊపిరికి మాత్రం మనలాగే గాలి కావాలి. ఆ పేరుకి నోరు తిరక్క కార్ఖానాలో అందరూ దాన్ని చేపబల్లి అన్నారు.

చెల్లి చేసింది ఉత్త చేపబల్లిని కాదు, ప్రసవిస్తున్న చేపబల్లిని. తల్లి పొట్ట కింద ఒక గుంట, అందులోంచి సగం బయటికొచ్చిన పిల్ల. పిల్ల తోక బయట, తల లోపల. పిల్లని విడిగా పోతపోసి, తర్వాత గుంటలో అంటించాలి. లోపలికి పోయే సగం ఎలాగూ కనిపించదు కాబట్టి ఊరికే పుల్లలా వదిలెయ్యమన్నాడు యజమాని. చెల్లి వింటేనా? ఎవరికీ కనపడని మూతి, కళ్ళు, నోరు అన్నీ శ్రద్ధగా చెక్కింది. అదెవరు చూస్తారమ్మా అని ఆయన అడిగితే, అక్కడ తల ఉందని తనకి తెలిస్తే చాలంది.

నేను మాత్రం ఏమీ అడగలేదు. అంతకుముందు ఏడాది చెల్లికి నెలలు నిండి నొప్పులొచ్చాయి. బిడ్డ కాళ్ళు ముందొచ్చాయి, తల దగ్గర ఆగిపోయింది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవ్వరం ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే అది ఏడుస్తుందని భయం. కుట్టించిన చిన్న చొక్కాలు అమ్మ దానికి తెలియకుండా ఎవరికో ఇచ్చేసింది. చేపబల్లి పిల్లలు తోక ముందుగా పుడతాయని ఏదో పుస్తకంలో చదివొచ్చిన రోజు, చెల్లి అన్నం తింటూ ఆ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పింది. మేమంతా తలలొంచుకుని తిన్నాం.

బొమ్మలన్నీ పోతపోసి, రంగులేసి, అంటించే పని మొదలయ్యే సమయానికి చెల్లి జ్వరంతో పడింది. వాళ్ళాయన ఊళ్ళో లేడు కాబట్టి నేనూ సెలవు పెట్టి దాని దగ్గరే ఉండిపోయాను. కార్ఖానాలో అంటించే బల్లకి మహారాణి జిగురు పిన్ని. ఆవిడ అసలు పేరు యజమానికైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే. నలుగురు పిల్లల్ని కన్నది, లెక్కలేనంతమంది మనవల్ని ఎత్తుకుంది. నమూనా బొమ్మలో తోక బయట ఉండడం చూసి ఆవిడ గతుక్కుమందట. పాపం, పిల్ల మనసులో ఇంకా అదే తిరుగుతోంది, తన బాధంతా ఇందులో పెట్టేసింది, రేపొచ్చి ఇన్ని బొమ్మల్ని ఇలా చూస్తే ఏమైపోతుంది అని బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళతో అందట. అందరూ తల్లులే. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. పిల్లకి తల కూడా ఉంది కదా, ఇటుది అటు తిప్పితే సరిపోయింది. తోకని లోపలికి తోసి తలని బయట పెట్టి అంటించేశారు.

మేం తిరిగి వెళ్ళిన పొద్దున అరల నిండా చేపబల్లులున్నాయి. ప్రతిదాని కిందనుంచీ ఒక బుజ్జి తల తొంగిచూస్తోంది. పిన్ని మొహంలో మంచి పని చేశానన్న సంతోషం. నాకు ఒళ్ళు మండింది. ఎవరిని అడిగి తిప్పారని ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. చెల్లి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఒక బొమ్మ తీసి వెల్లకిలా తిప్పి చూసింది.

“ఇవి వెళ్ళవు,” అంది.

యజమాని చెడ్డవాడేం కాదు, సాయంత్రం వచ్చే లారీ అంటే భయం, అంతే. కొనేవాళ్ళలో ఏ ఒకరిద్దరికో తప్ప తేడా తెలియదనీ, తెలిసినా ఇలాగే ముద్దుగా ఉందంటారనీ నచ్చజెప్పబోయాడు.

“నీళ్ళలో పుట్టే పిల్లండీ ఇది. తల ముందొస్తే, మిగతా ఒళ్ళు వచ్చేలోపు ఊపిరాడక పోతుంది. చచ్చిపోయే పిల్లని నేను పెట్టెలో పెట్టి పంపను.”

పిన్ని తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుండిపోయింది. యజమాని చివరికి ఒక దారి చెప్పాడు. లారీ వచ్చేలోపు ఎన్ని మారితే అన్ని చెల్లి ఇష్టప్రకారం వెళ్తాయి. మిగిలినవి ఉన్నవున్నట్టే వెళ్ళిపోతాయి.

చెల్లి వాదించలేదు. తొట్టెలో వేడినీళ్ళు పోయించుకుని పని మొదలుపెట్టింది. అతుకు దగ్గర వేడి తగిలేలా ముంచాలి. జిగురు మెత్తబడ్డాక సన్నటి నైలాన్ దారం చుట్టూ తిప్పి కోయాలి. పిల్లని బయటికి లాగి, ఉప్పుకాగితంతో జిగురు గీకి, తిప్పి అంటించాలి. అతుకు మీద మళ్ళీ రంగు దిద్దడం నా వంతు. చెయ్యి తొందరపడితే రెక్క విరుగుతుంది, నెమ్మదిస్తే జిగురు మళ్ళీ బిగుస్తుంది. నాలుగు బొమ్మలు మార్చేసరికి దాని వేళ్ళు ఎర్రగా ఉడికిపోయాయి. అరలకేసి చూస్తే నాకు నీరసం వచ్చింది. అది అటు చూడనేలేదు.

అయిదోదాని మూతి పుటుక్కున విరిగింది. చెల్లి ఆ ముక్కని వెతికి, పట్టకారుతో పట్టుకుని, ఓపిగ్గా అతికించడం మొదలెట్టింది. ఇంతసేపూ మొహం ముడుచుకుని కూర్చున్న పిన్ని ఇక ఉండబట్టలేకపోయింది.

“లోపలికి పోయే మూతే కదమ్మాయ్. టైం లేదంటూ దానికెందుకు అంత సేపు?”

“పైకొచ్చాక ఊపిరి పీల్చుకోవాల్సింది దాంతోనే కదా పిన్నీ.”

పిన్ని దగ్గరికొచ్చి నిలబడింది. “తోక ముందొస్తే నిజంగా బతుకుతాయా?”

“వీటిలో అలా వస్తేనే బతుకుతాయి.”

పిన్ని చీర కొంగు బొడ్లో దోపుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది. తర్వాత తన బల్లవాళ్ళ మీద విరుచుకుపడింది. బొమ్మల్లా చూస్తూ నిలబడ్డారేంటి, అంటించింది మనమే కదా, ఇంకో తొట్టెలో నీళ్ళు కాచండి అని కేకలేసింది. అచ్చుల బల్లవాళ్ళూ వచ్చారు. చివరికి పెట్టెలు కట్టే ఆయన కూడా వచ్చి దారం పట్టాడు. మధ్యాహ్నం ఆయన నడుం పట్టుకుని, ఈ పిల్లలతో తలప్రాణం తోకకొచ్చిందంటే అందరం పగలబడి నవ్వాం. చెల్లి కూడా నవ్వింది.

లారీ చెప్పినదానికంటే ముందే వచ్చింది. ఇంకా ఒక అర మిగిలే ఉంది. యజమాని గుమ్మంలోకొచ్చి మా తొట్టెలనీ, ఆ అరనీ, చెల్లి చేతుల్నీ చూశాడు. చెల్లి తలెత్తలేదు. ఆయన బయటికెళ్ళి డ్రైవరుతో ఏం మాట్లాడాడో గానీ, హారన్ ఆగింది. మేం చేతులు ఆపలేదు.

ఆ చివరి అర దగ్గరే, పిల్లని గుంటలోకి జాగ్రత్తగా సర్దుతూ, పిన్ని తలెత్తకుండా అడిగింది.

“పాపా, బాబా?”

నేను కుంచె ఆపి చెల్లికేసి చూశాను.

“పాప,” అంది చెల్లి.

“ఎవరి పోలిక?”

కాన్పు కబురు విన్నవాళ్ళు ఎవరైనా అడిగే మాటే. మా చెల్లిని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. చెల్లి దారం బల్ల మీద పెట్టింది. ఇక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“ముక్కు మా అక్కది పిన్నీ. జుట్టు ఇంత ఒత్తుగా ఉంది. అది ఎవరిదో మరి, మా ఆయనేమో వాళ్ళమ్మదంటారు.”

“మీ అక్క ముక్కా?” పిన్ని నాకేసి ఎగాదిగా చూసింది. “అయితే అందగత్తే.”

నేను ఆ పిల్లని చూడలేదు. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికే తీసుకుపోయారు. నా ముక్కుతో ఒక మేనకోడలు ఈ లోకంలోకి వచ్చి వెళ్ళిందని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. కుంచె చేతిలో ఉందన్నమాటేగానీ ఎదురుగా ఏమీ కనపడలేదు. ఏడుస్తుందని ఇన్నాళ్ళూ మేం భయపడింది దాని గురించి. ఏడ్చింది నేను.

“అక్కా, అతుకు మీద రంగు వెయ్యి,” అంది చెల్లి, బొమ్మ నా ముందు పెడుతూ. “వేస్తూ విను. కళ్ళు ఎలా ఉన్నాయో చెప్తాను.”