థర్మాకోల్ గూళ్ళు

కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజున ఇంట్లో అందరూ ఫ్రిజ్‌ని చూశారు, నేను దాని చుట్టూ పెట్టిన థర్మాకోల్‌ని చూశాను. మూలలకి నాలుగు దిమ్మలు, అడుగున మందపాటి పలక. అంత బరువైన వస్తువు అంత దూరం నుంచి వచ్చినా ఒక్క గీత పడలేదు. మా పూతరేకులేమో ఆత్రేయపురంలో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగేసరికి పిండైపోతున్నాయి. "పూతరేకులు పంపమంటే పొట్టు పంపేరేంటండీ" అని కొన్నవాళ్ళు ఫొటోలు పెట్టేవారు. ఆ ఫొటోలు మా ఆయన తెచ్చి నాకు చూపించేవారు, బస్సు నేనే నడిపినట్టు. దిమ్మలు తీసి దాచిపెడుతుంటే అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "చెత్త ఏరుకునే బుద్ధి పుట్టింటి నుంచే తెచ్చుకుంది మా కోడలు" అన్నారు, ఫ్రిజ్ దింపడానికి వచ్చినవాళ్ళు వినేలా. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళకి మంచినీళ్ళిమ్మంటే వెళ్ళి ఇచ్చాను.

తెల్లవారకముందే కుండ ముందు కూర్చునే మనిషిని నేను. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ ఆ కుండ మీద వేసి లాగితే ఒక రేకు. అది ఎంత నాజూకో నా వేళ్ళకి తెలుసు. అందుకే మధ్యాహ్నం గిన్నెలు తోమేశాక పెరట్లో కూర్చుని థర్మాకోల్‌లో పూతరేకులు ఇమిడేలా గూళ్ళు కోయడం మొదలుపెట్టాను. మొదట్లో కోస్తుంటే పూసలు పూసలుగా రాలి చీరకీ, జుట్టుకీ, ఆరేసిన బట్టలకీ అంటుకుపోయేవి. "ఏంటి దుర్గా, మనింట్లో మంచు కురుస్తోందా?" అని ఆయన ఎగతాళి. బ్లేడుకి కొవ్వొత్తి రుద్దితే నున్నగా తెగుతుందని నా అంతట నేను కనిపెట్టేసరికి పది రోజులు పట్టింది. గూడు బిగుతుగా ఉంటే సరుకు నలుగుతుంది, వదులైతే దొర్లుతుంది, చిటికెన వేలు పట్టేంత సందు ఉండాలి. నెయ్యి రాసిన రేకు థర్మాకోల్‌కి తగిలితే వాసన పట్టేస్తుంది, అందుకని ముందు అట్టడబ్బాలో సర్ది, ఆ డబ్బాని గూట్లో పెట్టాలి. ఇవేవీ నాకెవరూ చెప్పలేదు, పోనీ ఎవరూ అడగనూ లేదు. రేకులు విరక్కుండా చేరడం మొదలయ్యాక ఆయన ఫోన్లో "మా ప్యాకింగ్ అండీ, స్పెషలండీ" అనేవారు. టీవీల దుకాణం నుంచి పాత థర్మాకోల్ మూటలుగా తెచ్చి వరండాలో పడేసి, "రేపటికి ఇరవై పెట్టెలు కావాలి" అనేవారు. అంతే.

అప్పుడే మా డ్వాక్రా గ్రూపు లీడరు ఆదిలక్ష్మి గారు ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "మాకూ నేర్పమ్మా దుర్గా, మా రేకులన్నీ పొట్టైపోతన్నాయి. పదిమందిమి కూర్చుంటాం, నువ్వు చెప్పు చాలు." పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో 'నువ్వు చెప్పు' అన్న మనిషి ఆవిడొక్కరే. నిజం చెప్పొద్దూ, ఆ సంతోషంలో ఆవిడకి రెండుసార్లు కాఫీ ఇచ్చాను. ఆయన మాత్రం కంచం ముందు కూర్చుని, "మన కిటుకు ఊరందరికీ పంచుతావా? పిచ్చెక్కిందా నీకు?" అన్నారు. మన కిటుకట! నాకు కుదరదండీ అని ఆదిలక్ష్మి గారికి చెప్పినప్పుడు ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

ఆ కిటుకునే లోకమంతటికీ చెప్పడానికి ఆయన ఒప్పుకున్నారు, చెప్పేది తానైతే. అమలాపురం నుంచి దీపక్ అని ఒకాయన కెమెరా పట్టుకుని వచ్చారు, యూట్యూబ్‌లో పెడతారట. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, "నువ్వు వెనకాల కుండ దగ్గర కూర్చుని రేకులు తీస్తా ఉండు, బాగుంటుంది. మాట్లాడక్కర్లేదు" అని నాకు చెప్పారు.

"ఈ ఆలోచన ఎలా వచ్చిందండీ మీకు?" అని దీపక్ గారు అడిగారు.

"ఆయ్, ఫ్రిజ్ కొన్న రోజే అనుకున్నానండీ, దీన్ని పారేయకూడదని."

"మరి మేడం గారు?"

"ఇంట్లో ఖాళీయే కదండీ, నాకు సాయం చేస్తా ఉంటుంది."

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏంటో ఆ కుండ ముందు కూర్చునే తెలుసుకున్నాను. మంట సెగ మొహానికి కొడుతోందో, లోపలిది పైకొస్తోందో తెలియలేదు.

"ఒకటి కోసి చూపించండి సార్" అన్నారు దీపక్ గారు. మా ఆయన ఉత్త బ్లేడుతో కోశారు. పూసలు రాలి ఇస్త్రీ చొక్కా నిండా అంటుకున్నాయి. తీరా నెయ్యి కారుతున్న పూతరేకుని డబ్బా లేకుండా తిన్నగా గూట్లో పెట్టి బొటనవేలితో నొక్కారు. పటుక్కుమంది. "అయ్యో!" అన్నారు దీపక్ గారు.

"దుర్గా, ఓసారి ఇటొచ్చి ఆ కోసేదేదో చూపించెళ్ళు."

లేవబోయాను. పద్దెనిమిదేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. మళ్ళీ కూర్చున్నాను. "రేకు మీదున్నానండీ, మీరే చూపించండి" అన్నాను.

"మా ఆవిడకి సిగ్గండీ" అని ఆయన నవ్వేశారు.

వారానికి వీడియో వచ్చింది. విరిగిన ముక్క తీసేసి, ఎప్పుడో నేను కోసిపెట్టిన గూళ్ళని చూపించారు. అత్తయ్యగారు ఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "మా అబ్బాయి బుర్ర చూశారా?" అని మురిసిపోయారు. నేనూ చూశాను. తొమ్మిది నిమిషాల్లో నా వీపు రెండుసార్లు కనిపించింది.

మర్నాడు టిఫిన్లయ్యాక వరండాలో ఉన్న థర్మాకోల్ పలకలన్నీ పాత చీరలో మూటగట్టాను. చెప్పులేసుకుంటుంటే ఆయన ఎదురొచ్చారు.

"ఎక్కడికే?"

"ఆదిలక్ష్మి గారింటికండీ. వస్తానని రాత్రే కబురంపాను. పదిమంది వచ్చి కూర్చున్నారంట, నేర్చుకోడానికి."

"మరి ముప్ఫై పెట్టెలున్నాయి రేపటికి! అవెవరు కడతారు?"

నేను మూట నెత్తికెత్తుకున్నాను. ఎంత పెద్ద మూటైనా థర్మాకోల్‌కి బరువుండదు.

"వీడియో ఉంది కదండీ" అన్నాను. "చూసి కట్టుకోండి."