ఊపిరాడని పన్ను

కోడలు కొలిమి తలుపు తీసేసరికి లోపల పన్ను కాకిపిల్లలా నల్లగా కూర్చుని ఉంది.

ఇంటి కింది భాగంలో ఆమె మొగుడి పళ్ల ఆసుపత్రి. ఆ వెనక గదిలో ఆమె జిర్కోనియా అనే తెల్లటి దిమ్మను చెక్కి, కాల్చి పళ్లు చేస్తుంది. అందరికీ చేసింది కానీ సొంత అత్తగారి ముందుపన్ను మాత్రం ఇవాళ్టికి కుదిరింది. సాయంత్రం భోజనానికి కోడలి తల్లి వస్తోంది. ఎదుటివాళ్లలో వంక వెతకనిదే ఆవిడకు ముద్ద దిగదు. ఆలోగా పన్ను పెట్టిస్తానని కోడలు మాటిచ్చేసింది.

"ఏమే అమ్మాయ్, అయిందా?" అంటూ అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రానే వచ్చింది. చూసి, చెయ్యి తీసేసింది. "ఓసినీ! నాకు బొగ్గుముక్క పెడతావా?"

"తప్పు నాదే అత్తయ్యా. పళ్ల మీది పింగాణీ పైపూత కాల్చేటప్పుడు కొలిమిలో గాలంతా తోడేస్తాం. దీన్ని మాత్రం గాలిలోనే కాల్చాలి. అలవాటుకొద్దీ పంపు ఆపడం మరిచాను. ఊపిరాడక దీన్లోంచి కొంత ఆక్సిజన్ పారిపోయింది."

"పోతే పోయింది, నలుపెందుకు?"

"లోపల అణువులు పలువరుసలా బారులు తీరి ఉంటాయి. ఆక్సిజన్ పోయిన చోటల్లా ఓ సందు. పడిన వెలుగు ఆ సందుల్లో చిక్కి బయటికి రాదు."

అత్తగారు నాలుకతో తన సందు తడుముకుంది. "దానికీ నాలాగే పళ్లూడాయన్నమాట. మరి దానికెవరు కడతారు?"

"గాలే కడుతుంది. మామూలు గాలిలో మళ్లీ కాలిస్తే ఆక్సిజన్ వచ్చి తన చోట్లో కూర్చుంటుంది. కాకపోతే నిదానంగా."

"అలిగి పుట్టింటికెళ్లిన కోడలిలాగా."

"నేనెప్పుడెళ్లాను?"

"నువ్వని నేనన్నానా?"

ఈసారి పంపు ఆపి, ఆపానా లేదా అని మళ్లీ మళ్లీ చూసుకుని కాల్చింది. నలుపు బూడిదై, బూడిద మీగడ రంగుకు తిరుగుతుండగా వీధిలో తల్లి గొంతు వినబడింది. చెప్పిన వేళకు ముందే దిగింది మహాతల్లి!

"ఏమండీ, ఇంకా పూర్తిగా తెల్లబడలేదు," అంది కోడలు, చల్లారిన పన్ను మొగుడి చేతికిస్తూ.

అతను దాన్ని తన తల్లి పళ్ల పక్కన పెట్టి చూశాడు. "ఇంకెందుకు? మా అమ్మవేమన్నా పాలపళ్లా? అచ్చం ఇదే రంగు." గట్టిగా ఉందో లేదో పరీక్షించి, అతికించేశాడు.

భోజనాల దగ్గర కోడలి తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది. "మా అమ్మాయి చేసిన పన్నేదీ, చూడనివ్వండి వదినగారూ."

అత్తగారు చెవుల దాకా నవ్వింది. కోడలు ఊపిరి బిగబట్టింది.

తల్లి తొంగిచూసి, ఓ పన్ను వైపు వేలు చూపింది. "ఇదేగా! గోడకు సున్నం కొట్టినట్టుంది. దాని పనితనం నాకు తెలీదూ?"

"అది దేవుడు చేసింది వదినగారూ," అంది అత్తగారు తీరిగ్గా. "మీరన్నారని చెబుతాను లెండి."

కోడలికి పొలమారింది.