వంతెన దిగని బండి

పనసపాడు నుంచి గుమ్మడివలస వెళ్లే పొగబండి నా చిన్నప్పుడు నాగులగెడ్డ వాగు మీది వంతెన ఎక్కింది. ఇంకా దిగలేదు.

ఆగిపోయిందనుకోకూడదు. చక్రాలు తిరుగుతున్నాయి, పొగ వస్తోంది, వెనక పెట్టెలో గార్డు పచ్చజెండా ఊపుతూనే ఉన్నాడు. బండి ఒక స్లీపరు, అంటే పట్టాల కింది ఒక దుంగ, ముందుకు జరిగితే వంతెన ఒక స్లీపరు పొడుగవుతుంది. అవతలి గట్టు ఎప్పటిలాగే అంతే దూరంలో ఉంటుంది. పాత వంతెన, దాని రివిట్లు చల్లారి నూరేళ్లు దాటింది. ఏ రేకుని ఏ రేకుతో కలిపి పట్టుకోవాలో అవి మరిచిపోయాయి. అందుకే సాగుతోంది.

రెండో పెట్టె కిటికీ దగ్గర మా అమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో అనాసపళ్ల గంప. ఎక్కేటప్పుడు నాతో చెప్పిన మాట ఒక్కటే.

"ఒలే సూరీడూ, పళ్లమ్మీసి సాయంత్రానికి వచ్చెత్తాను. నానొచ్చీసరికి పొయ్యి ఆరనీకు."

నేను ఆరనివ్వలేదు. పొయ్యిలో నిప్పుని కుంపట్లోకి మార్చుకుని, పైన మూకుడు బోర్లించి, ఎక్కడ చదివితే అక్కడికి, ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి పట్టుకెళ్లాను. వంతెనల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం తెచ్చుకున్నది కూడా ఈ ఒక్క వంతెన కోసమే. అమ్మ ఇప్పుడు నాకంటే చిన్నది. గట్టు మీంచి ఆవిడ నల్లటి జుట్టు చూసినప్పుడల్లా నెరిసిన నా జుట్టు కొంగులో దాచుకుంటాను.

ఇవాళ వంతెన మారుస్తున్నాను. పట్టిన కుందేటికి మూడే కాళ్లంటానని ఆఫీసులో నన్ను ఎగతాళి చేస్తారు. అననివ్వండి. నా కుందేటికి ఉన్నవి మూడే, నేను తడిమి చూసుకున్నాను.

పొద్దున్నే చయనులు గారు వస్తారు. ఈ లైను కాపాడే వారసత్వ కమిటీకి ఆయన కార్యదర్శి. దిగని బండిని చూడటానికి వచ్చే యాత్రికులకి ఎన్నో ఏళ్లుగా దుర్భిణి చేతికిచ్చి, ఏ కిటికీలో ఎవరున్నారో ఓపిగ్గా చూపించేది ఆయనే.

"సూరీడమ్మ గారూ, కొత్తది అచ్చం పాతదానిలాగే ఉండాలి. కాల్చి కొట్టిన రివిట్లే వాడాలి, బోల్టులు పనికిరావు."

"అలాగేనండి."

"రంగూ అదే. పొడుగూ అదే."

"ఏ రోజు పొడుగండీ?"

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటారు. "జనం వచ్చేది దిగని బండి కోసం. అది కాస్తా దిగితే ఇక చూడ్డానికేముంటుంది చెప్పండి?"

"దిగినవాళ్లుంటారు."

ఆయన మడతకుర్చీ తెప్పించుకుని గట్టు మీద ఉన్న కొత్త వంతెన గర్డరుకి, ఆ పొడవాటి ఇనుప దూలానికి, ఎదురుగా కూర్చుంటారు.

పాత వంతెన తీయడం పెద్ద కష్టం కాదు. బండి దాని మీదే ఉన్నా ఫరవాలేదు. ఈ బండి ఇప్పుడు వంతెన మీద ఉండాలని టైంటేబుల్లో అచ్చేసి ఉంది, అచ్చేసినదాన్ని రైల్వే కాదనదు. కింద ఏమీ లేకపోయినా బండి పడదు. చిక్కల్లా ఒక్కటే. సాయంత్రం నుంచి కొత్త టైంటేబుల్ అమల్లోకి వస్తుంది, అందులో ఈ బండి లేదు. ఆలోపు కొత్త గర్డరు బండి కిందికి చేరాలి. చేరకపోతే మా అమ్మ గంపతో సహా నాగులగెడ్డలో ఉంటుంది.

భీమిలి వైపు నుంచి వచ్చిన, బరువులు లాగే కళాసీలు పాత వంతెనని ఈ చివర నుంచి ఈతచాపలా చుట్టేస్తారు. చుట్టలో కూడా అది కాస్త కాస్త పెరుగుతూనే ఉంటుంది. దాన్ని చింతచెట్టుకి కట్టేసి ఊపిరి పీల్చుకుంటారు. గెడ్డ మీద ఇప్పుడు బండి ఒక్కటే ఉంది. పెట్టెల్లో జనం పులిహోర పొట్లాలు విప్పుకుంటున్నారు. వాళ్లకి ఏమీ తెలియదు. 

ఇక గర్డరు లాగాలి. కళాసీల మేస్త్రీ దాలినాయుడు తాళ్లు కప్పీలకి ఎక్కించి, తలపాగా బిగించి, నా దగ్గరికి వస్తాడు.

"మేడంగోరూ, మా పని మీకు తెలుసు కదా. పాటలో ఎవురో ఒకరిని ఆడిపోసుకోవాల. ఆడిపోసుకున్నోళ్లు నవ్వాల. నవ్వితేనే ఇనుము కదుల్తాది. నవ్వకపోతే ఏనుగులు కట్టినా కదల్దు."

"నన్ను అనండి."

"మిమ్మల్ని కాదండి. ఎవురికి ఇది కదలడం ఇష్టం లేదో ఆ బాబునే అనాల."

అందరూ మడతకుర్చీ వైపు చూస్తారు. చయనులు గారు నవ్వగా చూసినవాళ్లు ఈ లైను మీద లేరు. ఆయన పెళ్లి ఫోటోలో కూడా నవ్వలేదని స్టేషన్లో చెప్పుకుంటారు.

దాలినాయుడు గొంతెత్తుతాడు. మిగతావాళ్లు తాడు పట్టి అందుకుంటారు.

"దుర్భిణి బాబు – ఐలెస్సా!
దూరం చూసె – ఐలెస్సా!
కాళ్ల కాడ – ఐలెస్సా!
కుక్క తడిపె – ఐలెస్సా!"

కళాసీలు నవ్వుతారు. చయనులు గారు కుర్చీ కాళ్ల వైపు ఒకసారి చూసుకుని మళ్లీ నిటారుగా కూర్చుంటారు. గర్డరు కదలదు. పొద్దు వాలుతోంది. బండి చివరి పెట్టె ఒక జానెడు కిందికి ఒరుగుతుంది.

నేను ఆయన దగ్గరికి వెళ్లి నిలబడతాను. మర్యాదలకి ఇది సమయం కాదు.

"రెండో పెట్టెలో పసుపు చీర ఆవిడని జనానికి చూపిస్తుంటారు కదండీ. ఏమని చెబుతారు?"

"అనాసపళ్ల మనిషి అని చెబుతాను. ఆవిడంటే నాకు చాలా ఇష్టం. ఎవరి కోసమో తొందర పడుతున్నట్టు ఉంటుంది."

"నా కోసమేనండి. మా అమ్మ."

చయనులు గారు దుర్భిణి ఎత్తి అమ్మని చూస్తారు, దించి నన్ను చూస్తారు, మళ్లీ ఎత్తుతారు. మూతి దగ్గర ఏదో వణుకుతుంది. దాలినాయుడు సందు చూసుకుని అందుకుంటాడు.

"కదలని బండికి – ఐలెస్సా!
కాపలా బాబు – ఐలెస్సా!
కాఫీ తాగితే – ఐలెస్సా!
కడుపే కదిలె – ఐలెస్సా!"

ముందు ముక్కులోంచి చిన్న చప్పుడొస్తుంది. తర్వాత భుజాలు ఊగుతాయి. తర్వాత ఆయన మడతకుర్చీతో సహా వెనక్కి పడి, కళ్లనీళ్లు కారేట్టు నవ్వుతారు. "నిజమేనయ్యా, పొద్దున రెండు గ్లాసులు తాగాను" అంటారు. గర్డరు నూనె రాసిన జడలా జారుకుంటూ గెడ్డ దాటి, బండి కింద చేరి, అవతలి గట్టుని తాకుతుంది. ఆయన లేచి వచ్చి తాడు చివర పట్టుకుంటారు.

రివిట్లన్నీ నా కుంపట్లోనే కాలుస్తాం. మూకుడు కాస్త ఓరగా జరిపి ఒక్కొక్కటీ లోపలికి జారవిడుస్తాను, ఎర్రబడగానే దాలినాయుడు పట్టకారుతో తీస్తాడు.

"ఎర్రగున్నప్పుడే కొట్టీయాల మేడంగోరూ. సల్లారినాక కొడితే అది పాత వంతెనే అయిపోతాది."

అమ్మ ఆరనివ్వద్దన్న నిప్పుతో అమ్మ కింద వంతెన బిగుస్తోంది. నాకు ఏడుపొస్తుంది, పని మాత్రం ఆపను. రివిట్ల సంచి అడుగు కనిపించేసరికి అవతలి గట్టు దగ్గర ఒక్క రంధ్రం మిగిలిపోతుంది. రివిట్లు లేవు. ఆ ఒక్క చోటు నుంచే గర్డరు మెల్లగా సాగడం మొదలుపెడుతుంది.

దాలినాయుడు గునపం తీసి ఆ రంధ్రంలోకి దూర్చి, రొమ్ముతో అదిమి పట్టుకుంటాడు.

"ఈ బండి దిగిందాకా ఆపుతాను. తరవాత బండికి నా వల్ల కాదు."

బండి ఒక స్లీపరు జరుగుతుంది. వంతెన పెరగదు. ఇంకో స్లీపరు. డ్రైవరు ఆశ్చర్యంగా తల బయటికి పెడతాడు. గట్టు దగ్గరవుతుంది, ఇంకా దగ్గరవుతుంది, చివరికి ఇంజను గుమ్మడివలస మట్టి మీద నిలబడి పెద్దగా ఆవిరి వదులుతుంది. నేను కుంపటి చంకనెత్తుకుని ప్లాట్‌ఫారం మీద ఉంటాను.

అమ్మ దిగుతుంది. ఇంత పొట్టిగా ఉంటుందని నేను మరిచిపోయాను. గంప కింద పెట్టి, గాలి వాసన చూసి, తిన్నగా నా దగ్గరికి వస్తుంది.

"అమ్మగోరూ, ఈ పొగ మా పొయ్యిదండీ. మా గుంటేదండీ?"

 ఆవిడ అడుగుతున్నది నన్ను కాదు, పొద్దున పొయ్యి దగ్గర వదిలొచ్చిన గుంటని, ఆ చిన్నపిల్లని. కుంపటి దించి మూకుడు పూర్తిగా తీస్తాను. లోపల నిప్పుల మధ్య బూడిద కొట్టుకుపోయిన జుట్టుతో, ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి ఊదుతూ ఎనిమిదేళ్ల సూరీడు కూర్చుని ఉంది.

"వచ్చీసినావేటమ్మా?" అని తలెత్తుతుంది.

"ఆర్పీసినావేటే?"

"నేదు."

అమ్మ దాన్ని రెక్క పట్టి పైకి లాగి చంకనేసుకుంటుంది. కొంగుతో మొహం తుడుస్తుంది, తిడుతుంది, ముద్దు పెడుతుంది. గంప నెత్తికెత్తుకుని నా వైపు తిరుగుతుంది.

"మా గుంటని సూసుకున్నారు. సల్లగుండాల అమ్మా మీరు."

నేను తల ఊపుతాను. ఇంత సంతోషం నేను ఎరగను. వాళ్లు వెళుతుంటే సూరీడు అమ్మ భుజం మీంచి వెనక్కి చూస్తుంది. ఊదుగొట్టం నా వైపు తిప్పి, బుగ్గలు ఉబ్బించి, గట్టిగా ఊదుతుంది.

నా పాదాలు కుంపట్లో రివిట్లలా ఎర్రబడతాయి. తర్వాత మోకాళ్లు, తర్వాత నడుము. నొప్పి లేదు. చలికాలం పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంది. వంతెన దగ్గర గునపం పట్టుకున్న దాలినాయుడు జానెడు వెనక్కి జారాడు. అటు నడుస్తాను. దగ్గరికెళ్లి చూస్తే ఆ మిగిలిన రంధ్రం నా భుజాల వెడల్పే ఉంది.

"చూస్తారేం నాయుడు గారూ, చల్లారకముందే కొట్టండి."

కళాసీలు పట్టకార్లు తెరుస్తారు. చయనులు గారు పంచె ఎగ్గట్టి సుత్తి అందుకుంటారు. దాలినాయుడు కళ్లు తుడుచుకుని గొంతెత్తుతాడు.

"మూడు కాళ్ల – ఐలెస్సా!
కుందేలమ్మ – ఐలెస్సా!
నాలుగోది – ఐలెస్సా!
నమిలేసినాదట – ఐలెస్సా!"

నేను ఆపుకోలేక నవ్వుతాను. నవ్వగానే కదులుతాను.