డీలా పడని మనిషి

సదానందం చేతిలోంచి ఏది జారి కింద పడ్డా మంగే వంగి తీసి ఇచ్చేది. తువ్వాలైనా సరే, తాళంచెవి అయినా సరే. అతను అడగనక్కర్లేదు. సూరత్‌లోని గోడాదరాలో వాళ్ళుండే గల్లీవాళ్ళు ఇది చూసి, ఆలుమగలంటే ఇట్లా ఉండాలని మెచ్చుకునేవారు. మొగుడు నడుము వంగక అట్లా చూస్తూ నిలబడుతున్నాడనీ, పెళ్ళాం వంగీ వంగీ విసుక్కునే ఓపిక కూడా పోగొట్టుకుందనీ ఎవరికీ తట్టలేదు. మన ఇళ్ళలో ఇదే జరుగుతుంటే మనకు మాత్రం తట్టిందా?

సదానందం సిరిసిల్ల పక్క పల్లె నుంచి పెళ్ళికి ముందే సూరత్ వచ్చాడు. పవర్‌లూమ్ కార్ఖానాలో పన్నెండు గంటల షిఫ్టు. గడగడలాడే మగ్గాల మధ్య పొద్దంతా నిలబడే పని. రాత్రి మనిషి రాని రోజున పని చేయించే మాస్టర్ కమలాకర్ ఒక్క మాటంటే చాలు, రెండో షిఫ్టు కూడా చేసేవాడు. ఎవడైనా కాసేపు గోడకు ఆనుకుంటే కమలాకర్ ఊరుకునేవాడు కాదు. "ఏందిరా, డీలా పడ్డవ్?" అని నలుగురిలో అడిగేవాడు. ఆ మాట తన మీద పడకుండా సదానందం ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. తోటివాళ్ళు అతన్ని ఖంబా అనేవారు. ఖంబా అంటే స్తంభం. ఆ పేరంటే అతనికి మహా ముచ్చట.

ఆ ఖంబాకే ఒకరోజు నడుము పట్టేసింది. మగ్గం మీది బట్ట కోసి దించబోతూ కొయ్యలా ఉండిపోతే, ఇద్దరు మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టారు. డాక్టరు మెత్తగానే చెప్పాడు. రెండో షిఫ్టు మానెయ్యాలి, యోగా లాంటిదేదైనా చెయ్యాలి, ఇంకోసారి ఇట్లా పట్టేస్తే మగ్గం మాట మరిచిపోవాలి. సదానందానికి మగ్గం తప్ప మరో పని తెలియదు.

తెలుగు సంఘం హాల్లో ఆదివారం పొద్దున్నే యోగా నేర్పుతారు. వరాఛా నుంచి జ్యోత్స్నాబెన్ అనే పెద్దావిడ స్కూటర్ మీద వచ్చి నేర్పేది. ఒక్కడే వెళ్ళడానికి సిగ్గుపడి సదానందం మంగను కూడా లాక్కెళ్ళాడు. ఆమె ఇంట్లో నేల మీద కూర్చుని చీరలకు మెరుపు రాళ్ళు అతికించే పని చేస్తుంది. వంగడం ఆమెకు కొత్త కాదు.

మొదటిరోజు అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి జ్యోత్స్నాబెన్ హిందీలో, "శరీర్ ఢీలా ఛోడో" అంది. సదానందం పిడికిళ్ళు బిగించాడు. ఆమె దగ్గరికొచ్చి, "కాకా, ఢీలా ఛోడో" అంది. అతను పళ్ళు కూడా బిగించాడు. ఆమె బతిమాలినకొద్దీ అతను మరింత బిగుసుకున్నాడు. ఇల్లు చేరేసరికి నడుము నొప్పి ఇంకా ఎక్కువైంది.

"మనోళ్ళందరి ముంగట నన్ను డీలా పడుమంటదా? గా మాట కమలాకర్‌తోనే అనిపించుకోలే నేను!" అని మండిపడ్డాడు.

మంగకు నవ్వొచ్చింది. ఆమె నవ్వి చాలాకాలమైంది. "డీలా పడుడు గాదయ్యా. జర వదులు జెయ్యమన్నది, గంతే. గిన్నేండ్లు సూరత్‌ల ఉండి గిది తెల్వదా?"

హిందీ తెలియక కాదు. ఆ ఒక్క మాట మాత్రం అతని చెవికి ఎప్పుడూ తెలుగులోనే వినిపించేది.

తర్వాతి ఆదివారం ముందుకు వంగమన్నప్పుడు మంగ నుదురు మోకాళ్ళకు ఆనింది. అందరూ చప్పట్లు కొట్టారు. సదానందం చేతులు తొడల దగ్గరే ఆగిపోయాయి. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడమన్నారు. సదానందం స్తంభంలా నిలబడ్డాడు. మోకాలు గజగజ వణకడంతో మంగ పక్కావిడ మీద పడిపోయింది. ఈసారి సదానందం నవ్వాడు.

జ్యోత్స్నాబెన్ నవ్వలేదు. "కాకా విరుగుతాడే కానీ వంగడు. ఈ బెన్ ఎంతైనా వంగుతుంది, నిలబడలేదు. కాకా ఒక్కడికే జబ్బని మీరు అనుకుంటున్నారు. ఇద్దరికీ ఉంది. బలం ఉన్నవాళ్ళు వదులు కావడం నేర్చుకోవాలి, వంగడం వచ్చినవాళ్ళు నిలబడడం నేర్చుకోవాలి" అంది.

సదానందానికి మగ్గం గుర్తొచ్చింది. పడుగు బిగువు ఎక్కువైతే పోగులు తెగుతాయి, తక్కువైతే బట్ట పాడవుతుంది. రోజూ చేత్తో తాకి సరిచేసేవాడే, తన ఒంటిని మాత్రం ఏనాడూ తాకి చూసుకోలేదు. అతనికి చాలా అలసటగా అనిపించింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక సాయంత్రం అతను షిఫ్టు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా కమలాకర్ ఫోన్ చేశాడు. "రాత్రి మనిషి రాలే. ఖంబా, నువ్వే దిక్కు."

"వస్త మాస్టర్." అలవాటుగా నోరు జారింది.

ఇలాంటప్పుడు ఫోన్ పెట్టేలోపు మంగ టిఫిన్ డబ్బా ముందు కూర్చునేది. ఇవాళ వట్టి చేతులతో గుమ్మంలో నిలబడింది.

"డబ్బ గట్టను."

"ఏందే?"

"గట్టను. మల్ల నడుం వట్టేస్తే నీకు మగ్గం లేదు. ఇన్నేండ్లు నువ్వు నిలబడితే నేను వంగిన. ఇగ వంగను."

సదానందానికి కోపం తన్నుకొచ్చింది. కేకెయ్యబోతూ ఆమె కాళ్ళకేసి చూశాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి. పాదాలు మాత్రం జ్యోత్స్నాబెన్ చెప్పినట్టు నేలను పట్టుకుని ఉన్నాయి. అతను పిడికిళ్ళు బిగించి, కాసేపటికి వదిలేశాడు. మళ్ళీ కమలాకర్‌కు ఫోన్ చేశాడు.

"మాస్టర్, నేను రాను."

"ఏంది ఖంబా, డీలా పడ్డవా?"

ఇన్నేళ్ళు తప్పించుకున్న మాట చివరికి మీద పడనే పడింది. పడ్డా ఏమీ కాలేదు. "పడలే మాస్టర్. జర ఢీలా ఇడిసిన. పొద్దుగాల టైముకొస్త" అన్నాడు.

ఫోన్ పెట్టేస్తుంటే భుజం మీది తువ్వాలు జారి కింద పడింది. మంగ కదలలేదు. సదానందం గోడ పట్టుకుని, మూలుగుతూ, మెల్లగా వంగి తనే తీసుకున్నాడు.

నిలబడడం ఒకరి వంతు, వంగడం మరొకరి వంతు అయితే ఆ ఇల్లు ఎక్కడో ఒకచోట విరుగుతుంది. రెండూ ఇద్దరూ నేర్చుకోవాలి.