వజ్రసేనన్‌లో చెలికత్తె

లీలావతమ్మ తన జీవితంలో ఒకే ఒక్క సినిమాలో నటించింది. అది ఆమె చూడటానికి అరవై తొమ్మిదేళ్లు పట్టింది.

సినిమా పేరు ‘వజ్రసేనన్’. తమిళం. 1940లో తీశారు. అప్పటికామెకు పదిహేనేళ్లు. కోయంబత్తూరులో ఒక స్టూడియోవాళ్లు పాడగలిగే అమ్మాయి కోసం వెతుకుతున్నారని తెలిసి, నాటకాలకు హార్మోనియం వాయించే మేనమామ ఆమెను కాకినాడలో రైలెక్కించాడు. ఇద్దరికీ తమిళం ముక్క రాదు. మాటలన్నీ తెలుగు లిపిలో రాయించుకుని లీలావతమ్మ బట్టీపట్టింది. వేషం రాణిగారి చెలికత్తెది. రాజుగారి పడకగదిలో కూర్చుని ఒక పాట పాడాలి. ఆ రోజుల్లో పాటా నటనా ఒకేసారి సాగేవి. వాద్యాలవాళ్లు అట్టస్తంభాల వెనక నక్కి కూర్చుని వాయించేవారు. పాటకు అర్థమేమిటని అడిగితే, తనకూ తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక మేనమామ, రాజుగారిని నిద్రపుచ్చే జోలపాట అన్నాడు.

రెండు నెలల్లో ఆమె పని అయిపోయింది. మరుసటేడు పెళ్లయింది. సినిమా కాకినాడ దాకా రానేలేదు. పాట మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. నలుగురు పిల్లల్నీ ఏడుగురు మనవల్నీ ఆ పాటతోనే నిద్రపుచ్చింది. అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో కూతురు హైమ ఇంట్లో స్థిరపడ్డాక, ఇరుగుపొరుగు తెలుగువాళ్ల పసివాళ్లకు కూడా పాడింది. పడుకోని పిల్ల లేదు.

2009 వేసవిలో మనవరాలు ఇషా యూనివర్సిటీ నోటీసు బోర్డు ఫొటో తీసుకొచ్చింది. తమిళ సంఘంవాళ్లు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ‘వజ్రసేనన్’ వేస్తున్నారు. లీలావతమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసి, ఏ చీర కట్టుకోవాలని అడిగింది. హైమ హాస్పిటల్లో పాథాలజిస్టు, కళ్లతో చూడనిదే ఏదీ నమ్మదు. అమ్మ వేషం ఎడిటింగ్ కోతలో పోయి ఉంటుందేమోనని లోలోపల భయపడుతూనే కారు తీసింది.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. తెర మీద అక్షరాలు వణికాయి, శబ్దం గరగరలాడింది. పావుగంట గడిచేసరికి, పాలగిన్నె పట్టుకుని ఒక సన్నటి పిల్ల రాజసభలోకి నడిచొచ్చింది. హైమ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ నడక ఇంట్లో రోజూ చూసే నడకే.

తర్వాత పాట వచ్చింది. లీలావతమ్మ పెదవులు తెరతోపాటు కదిలాయి. తెర అడుగున ఇంగ్లీషులో పడుతున్న మాటల్ని ఇషా ఆమె చెవిలో తెలుగులో చెబుతోంది. రెండో చరణం మధ్యలో చెప్పడం ఆపేసింది.

“అమ్మమ్మా, ఇది లల్లబై కాదు. కాపలావాళ్లు పడుకున్నారు, ఉత్తరం గేట్ ఓపెన్ ఉంది, కత్తులు తీసుకుని వచ్చేయండి అని పాడుతున్నావ్. కిటికీ బయట ఆర్మీ ఉంది.”

తెర మీద పిల్ల చిరునవ్వుతో దీపం ఎత్తి కిటికీ వైపు మూడుసార్లు ఆడించింది. దీపం ఎందుకలా ఊపమంటున్నారో ఆ రోజు అడగాలనుకుని అడగలేకపోయింది లీలావతమ్మ. కింద చీకట్లో గుర్రాలు కదిలాయి. సరిగ్గా అక్కడే ఇంటర్వెల్ ఇచ్చారు.

అందరూ కాఫీల కోసం లేచినా ఆమె లేవలేదు. నమ్మి నిద్రపోతున్న మనిషిని పట్టిచ్చే పాటా తను పసివాళ్లకు పాడింది? మేనమామ బతికుంటే నాలుగు దులిపేది. ఇంటికి పోదామంది.

“మేమందరం శుభ్రంగా పెరిగాం కదమ్మా,” అని హైమ నవ్వాపుకోలేకపోయింది. “నాకైతే ఇప్పటికీ ఆ పాట తలుచుకుంటే నిద్రొస్తుంది.”

ఈలోగా ఇషా వెళ్లి వసుమతి అనే ఆవిడను వెంటబెట్టుకొచ్చింది. ఆమె మందుల కంపెనీలో సైంటిస్టు. సెలవురోజుల్లో కూర్చుని ఈ సినిమాకు ఇంగ్లీషు మాటలు రాసింది ఆమే. మద్రాసులో పెరిగింది కాబట్టి తెలుగు బాగానే మాట్లాడుతుంది. ముసలావిడ ముఖమూ గోడ మీది పోస్టర్లో చెలికత్తె బొమ్మా మార్చి మార్చి చూసి, పక్క కుర్చీలో కూలబడింది. సంగతి విన్నాక, “రెండో సగం చూడకుండా వెళ్లకండి అమ్మా. నేను మాత్రం ఏమీ చెప్పను,” అంది.

లీలావతమ్మ ఉండిపోయింది. రెండో సగం మొదలైన పది నిమిషాలకే విషయం బయటపడింది. ఆ పట్టుపరుపు మీద నిద్రపోయినవాడు అసలు రాజు కాదు. అన్నను చెరలో వేసి సింహాసనం ఎక్కిన తమ్ముడు. గుర్రాల మీద వచ్చింది అన్నగారి మనుషులు. పాలగిన్నె మోసుకు తిరిగే పిల్ల రాజ్యం మొత్తాన్ని నిలబెట్టింది. చివర్లో గడ్డం పెరిగిన ఒక పెద్దమనిషి చెరసాల మెట్లెక్కి వచ్చి, ఆమె మెడలో హారం వేశాడు. షూటింగు వరస లేకుండా జరగడం వల్ల ఆ హారం బాగా పాడినందుకు బహుమానమని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది. గడ్డమాయన అసలు రాజని ఇప్పుడు తెలిసింది. హాల్లో చప్పట్లు మోగాయి. లీలావతమ్మ నిటారుగా కూర్చుని పమిట సర్దుకుంది.

దీపాలు వెలిగాక వసుమతి మళ్లీ వచ్చింది. హారం వేసేముందు, ఎవరు చెబితే ఇంత పని చేశావని రాజు అడుగుతాడు. అక్కడ రీలు అరిగిపోయి చెలికత్తె జవాబు వినబడదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అందకపోతే, ‘రాణిగారి ఆజ్ఞ పాటించాను’ అని ఊహించి రాసిందట.

“ఆ మాట మీకు గుర్తుందా అమ్మా?”

లీలావతమ్మ కళ్లు మూసుకుని, బట్టీపట్టిన తమిళ వాక్యాన్ని గడగడా అప్పజెప్పింది. వసుమతి ఇంకోసారి చెప్పమంది. రెండోసారి విని కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ఏముంది అందులో?” అని అడిగింది లీలావతమ్మ, ఈసారి ఇంకేం బయటపడుతుందోనని.

“‘నన్నెవరూ పంపలేదు ప్రభూ, నేనే పూనుకున్నాను’ అన్నారు మీరు.”

ఆమె ఆ మాటను తెలుగులో ఒకసారి తనలో తాను అనుకుని చూసుకుంది. బాగుందంది. పాత వాక్యం తీసేసి ఇది వేయమని గట్టిగా చెప్పింది. వసుమతి అక్కడికక్కడే లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. హైమా ఇషా ఆమె భుజాల మీదుగా వంగి చూస్తుంటే, కొత్త అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.