పదకొండు సెకన్ల కాల్

టోర్నడో వచ్చి ఏడాది నిండిన శనివారం, అమెరికాలోని షామ్‌బర్గ్ ఊళ్లో తెలుగువాళ్లు మానవ్ పేరున కమ్యూనిటీ హాల్లో సంస్మరణ సభ పెట్టారు. అతని భార్య దేదీప్య వెనక వరసలో కూర్చుంది. పక్కింటి రాఘవులు ముందు వరసలో ఉన్నాడు. ఆ రోజు మానవ్ కాపాడటానికి వెళ్లింది ఆయన్నే. గోడ కూలి మానవ్ పోయాడు. కాలు విరిగి ఆయన బతికాడు.

ఏడాదిగా ఆయన గుమ్మంలోకి వస్తే దేదీప్య మొహం మీదే తలుపు వేసేది. "పెద్దాయన, నిద్రలో టోర్నడో సైరన్ వినపడలేదు పాపం. క్షమించెయ్యమ్మా" అని అందరూ చెప్పేవాళ్లే. ఆ మాట వింటే ఆమెకి ఒళ్లు మండేది. అసలు సంగతి ఆమెకి తెలుసు. అయినా ఆయన నోటితోనే, అందరి ముందూ వినాలని కాచుకుని ఉంది.

రాఘవులు కర్ర ఊతంతో లేచి మైకు అందుకున్నాడు. "మానవ్ దేవుడిలాంటి..."

"ఆపండి." దేదీప్య లేచి నిలబడింది. "మీరు నిద్రపోలేదు, రాఘవులు గారూ. మా బేస్‌మెంట్‌లో తలదాచుకోడానికి రమ్మని మానవ్ మీకు కాల్ చేశాడు. అతని ఫోన్లో ఉంది. పదకొండు సెకన్లు మాట్లాడారు. ఏం మాట్లాడారో ఇక్కడే చెప్పండి."

"దేదీప్యా, ప్లీజ్, ఇప్పుడు కాదు," అంది రాఘవులు కూతురు విద్య.

"ఉండమ్మా, చెప్తాను." రాఘవులు మైకు వదల్లేదు. "ముందు రోజు పేకాటలో మానవ్‌కీ నాకూ మాటా మాటా పెరిగింది. దొంగాట ఆడానని అందరి ముందూ వేళాకోళం చేశాడు. మర్నాడు ఫోన్ చేసి రమ్మంటే, నీ గడప తొక్కనని పెట్టేశాను. అందుకే పరిగెత్తుకొచ్చాడు. నిద్రపోలేదు నేను. అలిగాను."

విద్య తండ్రి వంక చూడకుండా కారెక్కి వెళ్లిపోయింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు.

పార్కింగ్ లాట్‌లో ఎండలో నిలబడ్డ ఆయన్ని దేదీప్య చూసింది. చూసి కూడా దాటి వెళ్లిపోయింది. సిగ్నల్ దాకా వెళ్లాక, తనని తాను తిట్టుకుంటూ యూటర్న్ తీసుకుంది.

"ఎక్కండి. జాలిపడి కాదు. ఇంకొకటి అడగాలి."

రెండు మైళ్లు పోయాక అడిగింది.

"మానవ్ ఆఖర్న ఏమన్నాడు?"

"నేను చెప్పులు వెతుక్కుంటున్నాను. 'చెప్పులొద్దు, రండి అంకుల్. దేదీప్యకి ఉరుములంటే భయం, కింద ఒక్కతే ఉంది' అన్నాడు. నవ్వుతూ అన్నాడమ్మా. రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. గుమ్మం దాకా వచ్చాం..."

దేదీప్య కారు పక్కకి ఆపింది. స్టీరింగ్ మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడాదిలో ఎప్పుడూ అలా ఏడవలేదు. రాఘవులు చెయ్యి ఆమె భుజం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది.

"మిమ్మల్ని నేను క్షమించలేదు."

"అడగనమ్మా."

"అడగొద్దు." చున్నీతో మొహం తుడుచుకుంది. "అతను ఎలా అన్నాడో అలాగే, మళ్లీ చెప్పండి."

ఆయన మళ్లీ చెప్పాడు. ఆ నవ్వు దగ్గరికి వచ్చాక, మానవ్ ఎలా నవ్వాడో కూడా చెప్పాడు.